చ్యవనుడి చర్మం, యయాతి కోరిక

భాగవతం నవమ స్కంధంలో ముసలితనాన్ని వదిలించుకున్నవాళ్ళు ఇద్దరు కనిపిస్తారు. చ్యవన మహర్షి ఒళ్ళంతా ముడతలు పడి, తల నెరిసిపోయి ఉండగా తన ఆశ్రమానికి వచ్చిన అశ్వినీ దేవతలను తానే నోరు తెరిచి యౌవనం అడిగాడు. వాళ్ళు ఆయన్ని మడుగులో ముంచి లేపారు. వైద్యులన్న నెపంతో యజ్ఞాల్లో వాళ్ళకు దక్కకుండా పోయిన సోమభాగాన్ని ఇప్పించి ఆయన ఆ రుణం తీర్చుకున్నాడు. యయాతి మహారాజు కథ వేరు. శుక్రాచార్యుడి శాపంతో నడివయసులోనే ముదిమి మీదపడితే, కడగొట్టు కొడుకు పూరుడి యౌవనాన్ని అరువు తీసుకుని వెయ్యేళ్ళు భోగాలు అనుభవించాడు. అనుభవించిన కొద్దీ కోరిక పెరగడమే తప్ప తరగడం లేదని చివరికి తెలుసుకుని, కొడుకు యౌవనాన్ని కొడుక్కి ఇచ్చేసి తన ముసలితనాన్ని తాను తీసుకున్నాడు. ఇద్దరూ అడిగింది ఒకటే. అయినా పురాణం చ్యవనుణ్ణి పల్లెత్తు మాట అనదు, యయాతిని మాత్రం కోరిక తీరు తెలియడానికి మన ముందు నిలబెడుతుంది. స్కిన్ క్లినిక్కుల్లో మొటిమల గుంటలకు, ముడతలకు, కాలిన మచ్చలకు చేసే లేజర్ రీసర్ఫేసింగ్ గురించి ధర్మం వైపు నుంచి ఆలోచించేవాళ్ళు సాధారణంగా ‘దేవుడిచ్చిన ముఖాన్ని మార్చుకోవచ్చా?’ అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు మన పురాణాలే కాదు, ఇతర మతాలు కూడా ఎప్పుడో, పెద్ద తడబాటు లేకుండా జవాబు చెప్పాయి. తేలకుండా మిగిలింది వేరే ఉంది: ఆ చికిత్స నుంచి మనిషి ఏం ఆశిస్తున్నాడు, ఆ ఆశ ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? ఇది తేలాలంటే శ్లోకాల జోలికి వెళ్ళేముందు చర్మం మానే తీరును కాస్త నిదానంగా చూడాలి.

ఈ చికిత్సలో ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టినవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కాంతి 10,600 నానోమీటర్లది, కంటికి కనబడదు. ఆ కాంతిని నీళ్ళు బాగా పీల్చుకుంటాయి. చర్మంలో ఉన్నది చాలావరకు నీరే కనుక, కాంతి తగిలినచోట కణాల్లోని నీరు రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో ఆవిరై పై పొర లేచిపోతుంది. యంత్రం ఒకసారి ముఖం మీదుగా తిరిగితే పోయేది సుమారు 20 నుంచి 60 మైక్రాన్ల మందం. దాని కింద మరికొంత మేర చర్మం వేడికి కమిలి బిగుసుకుంటుంది. ఎర్బియం యాగ్ అనే మరో లేజర్ 2,940 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది. దాన్ని నీరు ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి కింది పొరలకు వేడి తక్కువ పాకుతుంది. 1990ల్లో ముఖమంతా ఒకేసారి పొర తీసేసేవారు. ఫలితం గట్టిగానే ఉండేది, కోలుకోవడమూ అంతే కష్టంగా ఉండేది. 2004లో ఫ్రాక్షనల్ పద్ధతి వచ్చాక, కంటికి ఆనని సన్నటి స్తంభాలుగా మాత్రమే గాయం చేసి, చుట్టూ ఉన్న చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేయడం మొదలైంది. ఏ పద్ధతి చూసినా యంత్రం చేసే పని ఒక్కటే, కొలిచి గాయం చేయడం. కొత్త పొర అల్లేది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోసేది, గుంటను కొంత పైకి తెచ్చేది శరీరమే. అందులోనూ ఆ కొత్త పొర అల్లుకు రావడం మొదలయ్యేది వెంట్రుకల కుదుళ్ళలో, చెమట గ్రంథుల్లో చెక్కుచెదరకుండా మిగిలిన కణాల నుంచి. ఆ కుదుళ్ళు ముఖం మీద దండిగా ఉంటాయి, మెడ మీద తక్కువ. ముఖానికి సరిపోయిన మోతాదు మెడ మీద మచ్చ మిగల్చడానికి కారణం అదే.

కోలుకునే రోజుల్లో ఏం జరుగుతుందో దాపరికం లేకుండా చెప్పాలి. పై పొరను పూర్తిగా తీసే పద్ధతిలో మొదటి రెండు మూడు రోజులు ముఖం పచ్చిపుండుగా ఉంటుంది. రసి కారుతుంది, మండుతుంది, కళ్ళు మూసుకుపోయేంత వాపు రావచ్చు. పచ్చి ఆరకుండా పెట్రోలియం జెల్లీ లాంటిది రాస్తూ ఉండాలి, పక్కు కడితే గిల్లకూడదు. కొత్త పొర కప్పుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తరవాత కూడా ఎరుపు నెలల తరబడి ఉండొచ్చు. ఫ్రాక్షనల్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) అయితే వారం అటూ ఇటూగా జనంలోకి రావచ్చు. పై పొరను లేపకుండా లోపల వేడి మాత్రమే పుట్టించే రకాలకు మూడు నాలుగు రోజుల ఎరుపు, వాపు, ఆ తరవాత గోధుమరంగు పొట్టు రాలడంతో సరిపోతుంది. కాకపోతే దానికి నెలకొకటి చొప్పున మూడు నుంచి ఐదు సిట్టింగులు కావాలి. ఇదివరకు పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చినవాళ్ళకు ఆ వైరస్ పచ్చి చర్మం మీద మళ్ళీ లేచే ప్రమాదముంది కనుక వైద్యులు ముందే మాత్రలు మొదలుపెడతారు. గాయం మానాక మచ్చ ఉబ్బి కెలాయిడ్ కట్టే ఒళ్ళున్నవాళ్ళు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్ళు ఆ సంగతి మొదటే చెప్పాలి. మన ఇళ్ళలో గాయం అనగానే చెయ్యి పసుపు డబ్బా మీదకి వెళుతుంది. ఈ గాయానికి పసుపు, సున్నిపిండి, నిమ్మరసం ఏదీ పనికిరాదు, బొట్టు కూడా చర్మం పూర్తిగా మానేదాకా ఆగాలి. ఇంతా చేశాక వచ్చే ఫలితమూ ఒక్కసారిగా రాదు. లోపల కొల్లాజెన్ సర్దుకోవడం మూడు నుంచి ఆరు నెలలు, కొందరిలో ఇంకా ఎక్కువకాలం సాగుతుంది. గుంటల లోతు తగ్గుతుంది, పూర్తిగా పూడదు. సూదితో పొడిచినట్టుండే సన్నటి లోతు మచ్చలు లేజర్‌కు పెద్దగా లొంగవు. సన్న గీతలు పలచబడతాయి గానీ జారిన చెంప మాత్రం లేవదు. కాలం అక్కడితో ఆగదు కనుక కొన్నేళ్ళకు కొత్త గీతలు వస్తాయి.

ఈ వివరాలన్నీ వైద్యుల కరపత్రంలో ఉండాల్సినవే. అయినా వీటిని వరసగా పెట్టి చూస్తే ఒక తాత్విక విషయం బయటపడుతుంది. డబ్బు కట్టినవాడు కొనుక్కున్నది ఫలితాన్ని కాదు, ఒక గాయాన్ని, ఆ గాయం మానేటప్పుడు శరీరం ఇచ్చే జవాబును. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనైనా నెరవేరడానికి ఐదు కారణాలు చెబుతుంది: పని జరిగే చోటైన శరీరం, చేసే కర్త, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఈ చికిత్సకు ఆ లెక్క ఎంత చక్కగా సరిపోతుందో చూడండి. చర్మం ఉంది, వైద్యుడున్నాడు, యంత్రం ఉంది, రెండు వారాల జాగ్రత్తలు ఉన్నాయి. ఒకే వైద్యుడు, ఒకే యంత్రం, ఒకే మోతాదు, ఒకే రకం జాగ్రత్తలు ఉన్న ఇద్దరికి వేర్వేరు ఫలితాలు ఎందుకు వస్తాయో వివరించడానికి ఐదోది కావాలి. దాన్ని దైవమని పిలవండి, జన్యువులనండి, పేరుతో పేచీ లేదు. నాలుగింటి మీద మనకు కొంత పట్టు ఉంది, ఐదోదాని మీద లేదు. ఫలితం మీద హక్కు లేదన్న గీత బోధను చాలామంది నీతి ఉపదేశంగా వింటారు. చర్మం విషయంలో అది ఉన్న సంగతిని ఉన్నట్టు చెప్పడమే. యయాతి తప్పు యౌవనం కోరడంలో లేదు, యౌవనం దొరికితే కోరిక తీరుతుందని నమ్మడంలో ఉంది. రసి కారే ముఖంతో పది రోజులు గదిలో ఉండాల్సి వచ్చినప్పుడు ఈ రెండో రకం ఆశతో వచ్చినవాడు కుంగిపోతాడు. గుంట కొంచెం పూడితే చాలనుకుని వచ్చినవాడికి ఆ పది రోజులు పది రోజులుగానే గడుస్తాయి.

ఈ చికిత్స మీద మొదటి అభ్యంతరం వైరాగ్యం వైపు నుంచి వస్తుంది. ఎలాగూ మట్టిలో కలిసే తోలుకు ఇంత హంగామా ఎందుకు? నవరంధ్రాల కొంప అన్న మాట మన వేదాంతులు, అవధూతలు, తత్వాలు పాడుకునేవాళ్ళు అందరూ అన్నదే. ఈ వాదన బలమైనదే. బౌద్ధుల్లో దీనికి ఒక సాధనా పద్ధతే ఉంది, శరీరాన్ని ముప్పైరెండు భాగాలుగా విడగొట్టి ఒక్కొక్కదాన్నీ అసహ్యకరమైనదిగా తలచడం. అయితే శాతవాహన రాజుకు రాసినదని సంప్రదాయం చెప్పే నాగార్జునుడి ‘రత్నావళి’ రెండో పరిచ్ఛేదంలో ఒక విశేషముంది. దేహం మీద మోహం వదులుకోమని శరీరం ఎంత మురికిదో నిర్మొహమాటంగా వర్ణించిన ఆచార్యుడే, అదే పరిచ్ఛేదంలో మహాపురుషుడి ముప్పైరెండు శుభలక్షణాలను, బంగారు వన్నె చర్మంతో సహా, ఏ పుణ్యం వల్ల ఏది వస్తుందో లెక్కకట్టి చెబుతాడు. ఇది పరస్పర విరుద్ధమనుకుంటే ఆచార్యుణ్ణి తక్కువ అంచనా వేసినట్టే. రూపం దానంతట అది తప్పూ కాదు ఒప్పూ కాదు, దానికి అంటుకుని ఉన్న తృష్ణతోనే ఆయనకు తగవు. పైగా వైరాగ్యమంటే చేతిలో ఉన్నదాన్ని వదిలేయడం. మొటిమల గుంటల వల్ల తరగతిలో వెనక బెంచీ వెతుక్కునే కుర్రాడికి, కాలిన చెంపను చున్నీతో కప్పుకుని బస్సెక్కే అమ్మాయికి ముఖం చేతిలో ఉన్న వస్తువు కాదు, రోజంతా మనసును పట్టి లాగే ముల్లు. ముల్లు తీసుకోవడాన్ని ఏ విరాగీ నిషేధించలేదు. నిజానికి ముఖం గురించిన ఆలోచన తగ్గాలంటే కొందరికి చికిత్సే దగ్గరి దారి. ఆ ఆలోచన చికిత్స తరవాత పెరుగుతోందా తగ్గుతోందా అన్న పరీక్ష మాత్రం వైరాగ్యవాది పెట్టవచ్చు, పెట్టాలి కూడా.

రెండో అభ్యంతరం సృష్టి పేరుతో వస్తుంది. దేవుడు రాసిన రాతను, లేదా పూర్వకర్మ ఇచ్చిన ఫలాన్ని, చెరపవచ్చా? ఇందాక అన్నట్టు, ఈ ప్రశ్నకు జవాబు పాతది. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయంలో గాయానికి చేయవలసిన అరవై ఉపక్రమాలున్నాయి. రక్తం ఆపడం, చీము తీయడం, కుట్టడం లాంటివాటితో ఆ జాబితా ఆగదు. మానిన గాయం పల్లంగా ఉంటే ఎత్తు చేయడం, ఎత్తుగా ఉంటే దించడం, తెల్లబడితే చుట్టూ ఉన్న చర్మం రంగుకు నల్లబరచడం, నల్లబడితే వన్నె తేవడం, ఆ చోట వెంట్రుకలు మొలిపించడం, అక్కర్లేనివి తీయడం ఇవన్నీ అందులోనే, చికిత్సలో భాగంగా ఉన్నాయి. నిదానస్థానంలో సుశ్రుతుడు మొటిమలనూ మంగు మచ్చలనూ చిన్న రోగాల్లో లెక్కపెట్టాడు. మంగుకు కోపాన్ని, శ్రమను కారణాలుగా చెప్పడం ఇప్పటి వైద్యానికి వింతగా ఉన్నా, ముఖం మీద మచ్చను రోగంగా ఒప్పుకోవడానికి ఆయనకు సంకోచం లేదు. ముస్లిం సంప్రదాయంలో కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా వృత్తాంతం ఉంది. వెండి ముక్కు పెట్టుకుంటే వాసన వస్తోందంటే, మగవాళ్ళకు బంగారం కూడదన్న నియమం ఉండి కూడా, బంగారు ముక్కు పెట్టుకొమ్మని ప్రవక్త చెప్పారు. లోపాన్ని సరిచేయడం వేరు, సృష్టిని మార్చడం వేరన్న ఫిఖ్ (ఇస్లామీయ ధర్మశాస్త్రం) పండితుల వాదనకు ఇది ఆధారం. 1958లో పోప్ పన్నెండో పయస్ ఇటలీ ప్లాస్టిక్ సర్జన్లతో మాట్లాడుతూ శరీర సౌందర్యం మేలైనదే గానీ అన్నిటికన్నా మేలైనది కాదని, చికిత్స తప్పొప్పులు ఉద్దేశాన్ని బట్టి ఉంటాయని అన్నారు. ఒకరి మాట ఒకరు వినని ఈ ముగ్గురూ చేరింది ఒక్కచోటికే. కర్మ సిద్ధాంతం విషయానికొస్తే, మచ్చ కర్మఫలమైతే దాన్ని తగ్గించే వైద్యుడు దొరకడం కూడా కర్మఫలమే. ఆ సిద్ధాంతాన్ని ఒకవైపే నడిపించడం కుదరదు.

ఇక్కడ తెలివైన ప్రత్యర్థి ఊరుకోడు. గాయం మచ్చ సరే, మరి ముడత? అది లోపం కాదు, వయసు. మాన్పడం పేరు చెప్పి కాలాన్ని ఎదిరించడానికి తలుపు తెరుస్తున్నారు గదా? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న, దీనికీ సుశ్రుతుడి దగ్గరే ఒక ఆధారం ఉంది. ఆకలి, దప్పిక, ముసలితనం, చావు, నిద్ర అనే ఐదింటినీ స్వభావం వల్ల వచ్చే వ్యాధులుగా చెప్పి, వాటిని మళ్ళీ రెండుగా విడదీశాడు. శరీరాన్ని కాపాడుకుంటున్నా వేళకు వచ్చేవి ఒక రకం, కాపాడుకోకపోవడం వల్ల వేళకాని వేళ వచ్చేవి ఇంకో రకం. ముఖం మీద ముదిమిలో పెద్ద భాగం వయసు వల్ల కాక ఎండ వల్ల వచ్చేదని నేటి చర్మశాస్త్రం చెబుతుంది. ఎప్పుడూ బట్ట కింద ఉండే పొట్ట చర్మాన్నీ, ఎండలో ఉండే మెడ వెనక చర్మాన్నీ ఒకే మనిషిలో పోల్చి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అతినీలలోహిత కిరణాలు కొల్లాజెన్‌ను తెగ్గొడతాయి, లేజర్ బాగా పనిచేసేది సరిగ్గా ఈ ఎండ దెబ్బ మీదే. అంటే వేళకాని ముదిమిని కొంత వెనక్కి తిప్పగలం, వేళకు వచ్చేదాన్ని తిప్పలేం. గీత ఎక్కడ గీయాలో ధర్మశాస్త్రం చెప్పకముందే చర్మమే గీసి చూపిస్తోంది. ఈ గీత అంత నికరమైనది కాదని ఒప్పుకుంటాను. అరవై ఏళ్ళ ముఖంలో ఏ గీత ఎండది, ఏది నవ్వుది, ఏది వయసుదని ఎవరూ విడదీసి చెప్పలేరు. అయితే హద్దు మసకగా ఉన్నంత మాత్రాన రెండు వైపులూ ఒకటే అయిపోవు. ఇంకో మాట. మండుటెండలో మిరపకాయలు ఏరే, ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే ఆడవాళ్ళకు ఈ వేళకాని ముదిమి అందరికన్నా ఎక్కువ. క్లినిక్ గడప తొక్కేవాళ్ళలో వాళ్ళు లేరు.

సమాజం వైపు నుంచి వచ్చే అభ్యంతరానికి మాత్రం నేను సగానికి పైగా లొంగుతాను. పెళ్ళిచూపుల్లో చర్మం రంగు, నునుపు చూసి మనిషికి వెలకట్టే చోట లేజర్ చేయించుకోవడం ఆ సంతకు సరుకు సిద్ధం చేయడమేనని కొందరంటారు. తెల్లదనం విషయంలో ఈ విమర్శ నూటికి నూరుపాళ్ళూ నిజం, శాస్త్రం కూడా దాని పక్షానే ఉంది. 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ మొదలుపెట్టిన వర్గీకరణ ఇప్పుడు చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి ఆరు తరగతులుగా విడదీస్తుంది. తెలుగువాళ్ళలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు. ఇలాంటి చర్మంలో రంగునిచ్చే కణాలు చురుకైనవి, గాయం తగిలిందంటే రంగు కుమ్మరిస్తాయి. అందుకే లేజర్ తరవాత నెల తిరిగేసరికి ముఖం నల్లబారడం మనవాళ్ళలో తెల్లవాళ్ళకన్నా ఎక్కువ. చాలావరకు కొన్ని నెలల్లో తగ్గుతుంది గానీ ఆ నెలలు భారంగా గడుస్తాయి. మోతాదు మించితే ఆరునెలలకో ఏడాదికో తెల్లమచ్చలు తేలి అలాగే ఉండిపోవచ్చు. మంగు మచ్చలకైతే లేజర్ తొందరపాటు వైద్యమే, తగ్గినట్టే తగ్గి తిరిగి ముదురుతుంది. అందువల్ల జాగ్రత్తగల వైద్యులు మన చర్మానికి తక్కువ సాంద్రతతో, ఎక్కువ ఎడంతో, చెవి ముందో దవడ కిందో చిన్న చోట పరీక్షించి మరీ మొదలుపెడతారు, ముందూ వెనకా నెలల తరబడి సన్‌స్క్రీన్ రాయమంటారు, మండువేసవిలో వద్దంటారు. తెల్లబడాలని వచ్చినవాళ్ళకు నల్లబడే అవకాశమే ఎక్కువున్న చికిత్స ఇది. రీసర్ఫేసింగ్ రంగు మార్చే పని కాదు. అలా అని ఎవరైనా అమ్మితే అది మోసం.

పెళ్ళిళ్ళ సీజను దగ్గర ఈ గొడవ మరీ ముదురుతుంది. ముహూర్తానికి నెల రోజుల ముందు వచ్చి ముఖం బాగుచేయమనేవాళ్ళకు చెప్పవలసిన నిజం ఏమిటంటే, ఆ నెలలో వాళ్ళు చూసేది ఎరుపును, పొట్టును, బహుశా నల్లబారడాన్ని. కొల్లాజెన్‌కు పంచాంగం తెలియదు. ఆరు నెలల ముందు రమ్మనే వైద్యుడు గిరాకీ పోగొట్టుకుంటాడు, పక్క వీధిలో ఇంకొకరు సరేనంటారు. ఈ సంగతిని వ్యాపార నీతిగా తేల్చేయకూడదు. అబద్ధపు ఆశ అమ్మిన క్షణంలోనే చ్యవనుడి చికిత్స యయాతి బేరంగా మారిపోతుంది, అది మారేది వైద్యుడి నోటి మాటతో. అందుకే చికిత్సకు ముందు రోగి చేత పెట్టించుకునే సంతకం కాగితం మీద ఏముందో, దాన్ని రోగికి తెలిసే తెలుగులో ఎవరైనా చదివి చెప్పారో లేదో నాకు దేహతత్వ చర్చల కన్నా పెద్ద ధర్మవిషయంగా కనిపిస్తుంది.

చివరగా ఒక కొత్తకాలపు అభ్యంతరం. ముఖం నాది, డబ్బు నాది, మధ్యలో మీ ధర్మమీమాంస ఎందుకు? ఎవరి ముఖం మీద వాళ్ళకు అధికారం ఉందనడంలో పేచీ లేదు, ఈ వ్యాసం ఎవరినీ ఆపమనడం లేదు. అయితే ఎంచుకున్నది నిజంగా మనమేనా అన్నది అడగదగ్గ ప్రశ్నే. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక రుగ్మత ఉన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ కంటికి ఆననంత చిన్న లోపం కొండంతగా కనిపిస్తుంది. అద్దం ముందు గంటలు గడిచిపోతాయి. వీళ్ళు చర్మ క్లినిక్కులకు తరచు వస్తారు. చికిత్స బాగా కుదిరినా తృప్తి పడరు, ఇంకోచోట లోపం కనిపెడతారు, ఇంకో సిట్టింగ్ అడుగుతారు. వీళ్ళకు కావలసింది మానసిక వైద్యమని, లేజర్ చేయకూడదని వైద్యశాస్త్రమే చెబుతోంది. చర్మం మారినా కోరిక మారదన్నదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం పురాణంలోనూ దొరకదు. వెయ్యేళ్ళ తరవాత యయాతికి తెలిసింది వీళ్ళకు తెలియకుండా జబ్బు అడ్డుపడుతోంది, కనుక వాళ్ళ తరఫున తెలుసుకుని వద్దనాల్సింది వైద్యుడు. మనలో మిగతావాళ్ళకు ఆ జబ్బు లేదు గానీ ఆ పోకడ ఎంతో కొంత ఉంది. ఫోన్ కెమెరా ముఖాన్ని తనంతట తానే నున్నగా చేసి చూపించే రోజుల్లో, నిజం ముఖం అలా లేదని బెంగపడటానికి రుగ్మతే ఉండక్కర్లేదు.

ఖరీదు సంగతి మిగిలింది. యయాతి కథలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆయన కోరిక కాదు, పూరుడి వెయ్యేళ్ళు. తండ్రి నునుపు దేలడానికి కొడుకు ముసలివాడయ్యాడు. సౌందర్య చికిత్సకు ఇవ్వాళ పూరుడెవరు? డబ్బున్న ముఖాల మీద సన్న గీతలు చెరపడానికి పెట్టే నైపుణ్యం, కాలం, యంత్రం, అవి అవసరమైన ఇంకొకరికి దక్కకుండా పోతున్నప్పుడు ఆ ఇంకొకరే. కాలిన మచ్చలకు ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ చేసే మేలు అందచందాల లెక్కలోకి రాదు. బిగుసుకుపోయిన మచ్చ మెత్తబడి మెడ తిరుగుతుంది, నోరు తెరుచుకుంటుంది, దురద తగ్గుతుంది. యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు సైతం పునర్నిర్మాణ శస్త్రచికిత్సలతో సహా పూర్తి వైద్యం ఉచితంగా చేయాలని అలాంటి బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015లో ఆదేశించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాళ్ళను వైకల్యం ఉన్నవాళ్ళుగా గుర్తించింది. కాగితం మీద ఇంత ఉంది. వంటింట్లో కిరోసిన్ మంటలకు, గ్యాస్ మంటలకు కాలినవాళ్ళకు ఆపాటి ఆదేశమూ లేదు. ప్రాణం నిలబెట్టడం వరకే వైద్యమని, మచ్చ సంగతి ఎవరి సొంతానికి వాళ్ళదని అనుకోవడం మన ఆసుపత్రుల్లో అలవాటుగా స్థిరపడింది. సుశ్రుతుడి అరవై ఉపక్రమాల్లో ఆ గీత లేదు, పుండు కోయడం మొదలు మచ్చ రంగు సరిచేయడం దాకా ఒకే వరసలో ఉన్నాయి. ముఖానికి లేజర్ చేయించుకోవడం పాపమా అని మఠాలనూ మసీదులనూ చర్చిలనూ అడిగే బదులు, ఆ వరస సగంలో ఎందుకు తెగిందో జిల్లా ఆసుపత్రి కాలిన గాయాల వార్డును నడిపే ప్రభుత్వాన్ని అడగవచ్చు. సొంత ఆసుపత్రులు నడిపే మత సంస్థలనూ అడగవచ్చు, మన దగ్గర అలాంటివి తక్కువేమీ లేవు.